చీకింది మూలే, కిటికీ కాదు

లండన్ తూర్పు పక్కన ఈస్ట్ హామ్, ఇల్ఫర్డ్ లాంటి పేటల్లో గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన ఇటుక ఇళ్లు ఉన్నాయి. విక్టోరియా రాణి కాలం నాటివి కొన్ని, ఆమె తర్వాతి దశాబ్దానివి కొన్ని. ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో అలాంటి ఇల్లు కొనుక్కున్నవాళ్లున్నారు. గృహప్రవేశం అయ్యాక వచ్చే మొదటి చలికాలంలో కిటికీల సంగతి బయటపడుతుంది. పైకి తెల్లరంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కింది మూలలో బొటనవేలు పెట్టి నొక్కితే మాత్రం రంగుతో సహా చెక్క మెత్తగా లోపలికి దిగబడుతుంది. గోరు తగిలిన చోట గోధుమరంగు పొడి రాలుతుంది. కిటికీల కంపెనీ మనిషిని పిలిస్తే ఒక్క చూపులో తేల్చేస్తాడు: అన్నీ పీకేసి ప్లాస్టిక్‌వి పెట్టేద్దాం, చలి రాదు, రంగు బాధ ఉండదు.

ఆ మాటకు తలూపే ముందు ఒకసారి ఆగాలని నా మనవి. నూరేళ్లు దాటిన ఆ కిటికీలో ఉన్న కలప ఇవాళ కొత్త ప్లాంటేషన్లలో పెరిగే కలప కన్నా చాలాసార్లు మేలు రకం. చీకింది సాధారణంగా కింది జానెడు మాత్రమే. ఆ జానెడు ఎందుకు చీకిందో తెలిస్తే మిగతా కిటికీని నిలబెట్టుకోవచ్చు. అది తెలియకుండా కొత్త చెక్క పెట్టినా అదే మూల మళ్లీ చీకుతుంది.

వీటిని సాష్ కిటికీలంటారు. మన కిటికీల్లా పక్కకు తెరుచుకునే రెక్కలు వీటికి ఉండవు. గాజు బిగించిన రెండు చట్రాలు ఒకదాని ముందు ఒకటి నిలువు గాడుల్లో పైకీ కిందికీ జారతాయి. పై చట్రం వీధివైపు గాడిలో, కింది చట్రం గదివైపు గాడిలో నడుస్తుంది. గాజుతో కలిపి ఒక్కో చట్రం పది పన్నెండు కిలోలైనా తూగుతుంది, పెద్ద కిటికీల్లో అంతకు రెట్టింపు. అయినా చిన్నపిల్ల కూడా ఎత్తగలదు, వదిలిన చోటే అది నిలబడుతుంది. ఆ కిటుకు ద్వారబంధంలో ఉంది. పక్కనున్న నిలువు కొయ్యలు రెండూ నిజానికి లోపల గుల్లగా ఉన్న పెట్టెలు. చట్రం రెండు పక్కల నుంచీ నూలుతాళ్లు పైకి వెళ్లి, గిలకల మీదుగా తిరిగి, ఆ పెట్టెల్లోకి దిగుతాయి. తాళ్ల కొసలకు పోత ఇనుప దిమ్మలు వేలాడుతుంటాయి. రెండు దిమ్మల బరువు కలిపితే దాదాపు చట్రం బరువు. ఇక ఎత్తే చెయ్యి ఓడించాల్సింది రాపిడిని మాత్రమే.

ఆ 'దాదాపు'లో కూడా ఒక లెక్క ఉంది. పై చట్రానికి కట్టే దిమ్మలు చట్రం కన్నా కొద్దిగా ఎక్కువ తూగేలా చూస్తాడు వడ్రంగి, చట్రం ఎప్పుడూ పైకే లాగి ఉండేలా. కింది చట్రానికి కట్టేవి కొద్దిగా తక్కువ తూగుతాయి, మూసినప్పుడు గడప మీద గట్టిగా కూర్చునేలా.

పెట్టె అడుగుభాగంలో, చట్రం జారే ముఖం మీద చిన్న మూత ఒకటి ఉంటుంది. దశాబ్దాల రంగు కింద అది కనిపించకపోవచ్చు, వేలితో తడిమితే గీత తగులుతుంది. దాన్ని ఊడదీసి చెయ్యి దూరిస్తే దిమ్మ అందుతుంది. తాడు తెగితే గోడ పగలగొట్టే పని లేదు. గదివైపు పట్టీని సన్న ఉలితో లేపితే కింది చట్రం చేతిలోకి వస్తుంది. మధ్య పట్టీ లాగితే పై చట్రమూ వస్తుంది. చట్రం మూలల్లో ఒక చెక్కకు బెజ్జం కొట్టి, రెండో చెక్క కొసను నాలుకలా చెక్కి అందులో దూర్చి, చీలతో బిగించి ఉంటారు. చీల కొట్టేస్తే ఆ మూల విడిపోతుంది. దీన్ని కట్టినవాడు ఎప్పుడో ఎవరో విప్పుతారని ముందే తలచి కట్టాడు. కింది అడ్డచెక్క ఒక్కదాన్ని మార్చడానికి కిటికీ అంతా తీసేయడం అతని ఊహలో లేని పని.

దిమ్మలతో తూచి వేలాడదీసిన ఈ కిటికీలు 1670ల నాటికే ఇంగ్లండ్ రాజభవనాల్లోనూ, థేమ్స్ ఒడ్డున ఉన్న హామ్ హౌస్ లాంటి పెద్దల ఇళ్లలోనూ కనిపిస్తాయి. 1666లో లండన్‌ను కాల్చేసిన మంటల భయం జనాన్ని చాలాకాలం వదల్లేదు. 1709లో వచ్చిన చట్టం లండన్‌లో కొయ్య ద్వారబంధాలను గోడ ముఖం నుంచి నాలుగు అంగుళాలు లోపలికి జరపమంది. 1774 చట్టం ఆ పెట్టెలను ఇటుకల వెనక దాచమంది. నిప్పు కోసం చేసిన ఈ ఏర్పాటు వాన విషయంలోనూ పనికొచ్చింది. లోపలికి జరిగిన కిటికీ మీద జల్లు తక్కువ పడుతుంది. కానీ ఇటుక తడిసి ఆరకపోతే దాని వెనక దాగిన పెట్టెకు ఆ చెమ్మ అంటుతుంది, బయటి నుంచి అది కంటపడదు.

పాత కిటికీల్లో చిన్న చిన్న గాజుపలకలు ఎక్కువగా కనిపించడానికి కారణం ఆనాటి గాజు తయారీ. కరిగిన గాజును ఊది, గిరగిరా తిప్పి పెద్ద పళ్లెంలా పరిచి, అందులోంచి ముక్కలు కోసేవారు. గాజు మీద సుంకం 1845లో పోయింది, కిటికీల లెక్కన ఇంటికి వేసే పన్ను 1851లో పోయింది. ఈలోగా పెద్ద పలకలు చౌకగా తయారయ్యాయి. ఆ తర్వాత కట్టిన ఇళ్లలో చట్రానికి రెండు పలకలో, ఒకే పలకో కనిపిస్తాయి. బరువు పెరగడంతో పై చట్రం మూలల అతుకులకు బలం కోసం నిలువుచెక్కలను కిందికి కొమ్ముల్లా కాస్త పొడిగించారు. ఇక్కడే ఒక అపోహ గురించి చెప్పాలి. పాత గాజు అలలు అలలుగా కనబడితే, వందల ఏళ్లుగా అది కిందికి కారుతోందని చాలామంది నమ్ముతారు. మామూలు వేడిలో గాజు కారదు. ఆ అలలు తిప్పి పరిచిన రోజున వచ్చినవే. అలాంటి గాజు పగిలితే దానికి సాటివచ్చేది దొరకడం కష్టం, అందుకే మంచి పనివాళ్లు ముందు గాజును జాగ్రత్త చేసి తర్వాతే చెక్క జోలికి పోతారు.

ఇప్పుడు చీకడం గురించి. చెక్క పాతబడితే చీకుతుందని అనుకోవడం సహజమే గానీ, కాలం ఒక్కటే చెక్కను చీకించలేదు. పొడిగా ఉన్న దూలాలు వందల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. చెక్కను తినేది శిలీంధ్రం. దానికి తిండి కావాలి, గాలి కావాలి, ఓ మోస్తరు వెచ్చదనం కావాలి, నీరు కావాలి. మొదటి మూడూ ఏ ఇంట్లోనైనా ఉండేవే. మన చేతిలో ఉన్నది నాలుగోది ఒక్కటే.

చెక్క గాలిలోని తేమను బట్టి ఎప్పుడూ కొంత నీటిని పట్టుకునే ఉంటుంది. హీటర్లు పెట్టుకున్న ఇంట్లోని బల్లలో, అల్మారాల్లో ఆ నీరు చెక్క పొడి బరువులో 8 నుంచి 12 శాతం. రంగు బాగున్న కిటికీలో 12 నుంచి 18. ఈ నీరంతా కణాల గోడల్లోనే అంటుకుని ఉంటుంది, శిలీంధ్రానికి అందదు. 28, 30 శాతం దగ్గర కణగోడలు నిండిపోతాయి. ఆ తర్వాత వచ్చే ప్రతి చుక్కా కణాల ఖాళీల్లో చేరుతుంది. గాల్లో తేలుతూ వచ్చి వాలిన బీజం మొలకెత్తేది అప్పుడే. కిటికీ చెక్క అన్నిచోట్లా ఒకేలా తడవదు కాబట్టి, మీటరు 20 శాతం దాటి చూపిస్తే అక్కడితోనే ప్రమాదమని ఎంచుతారు.

ఆ తర్వాత జరిగేది చాలా నేర్పుతో కూడిన రసాయన క్రియ. పైన్ జాతి కలపలో నాలుగు పాళ్లు ఉంటే సుమారు రెండు పాళ్ల కన్నా కాస్త తక్కువ సెల్యులోజ్, ఒక పాలు లిగ్నిన్, మిగిలింది హెమిసెల్యులోజ్. సెల్యులోజ్ పోగులు బలాన్నిస్తే, లిగ్నిన్ వాటిని అంటిపెట్టి గట్టిచేస్తుంది. శిలీంధ్రం తినగలిగే చక్కెరలన్నీ సెల్యులోజ్‌లో, హెమిసెల్యులోజ్‌లో ఉన్నాయి. వాటిని కోసే ఎంజైములు కూడా దాని దగ్గర ఉన్నాయి. కానీ కణగోడ సందుల్లో దూరడానికి ఆ ఎంజైములు మరీ పెద్దవి. అందుకని అది ముందు చిన్న అణువులను పంపుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం విడుదల చేసి చెక్కలో ఉన్న కొద్దిపాటి ఇనుమును వశం చేసుకుంటుంది. ఆ ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసినప్పుడు పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ తగిలినదాన్నల్లా విరగ్గొడుతుంది. పొడుగాటి సెల్యులోజ్ గొలుసులు తునకలైపోతాయి, గోడలో దారులు ఏర్పడతాయి, అప్పుడు ఎంజైములు లోపలికి దిగి తినడం మొదలుపెడతాయి. అందుకే చెక్క బరువు పదిశాతం తగ్గేసరికే దాని బలం సగానికి పైగా పోయి ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉన్న మూల వేలి కింద కుంగిపోవడానికి కారణం అదే. చివరికి మిగిలేది తినడానికి పనికిరాని లిగ్నిన్. అది గోధుమరంగుకు తిరిగి, ఆరినప్పుడు అడ్డంగా, నిలువుగా పగిలి చిన్న చిన్న పెళ్లలవుతుంది.

ఈ పని చేసేవాటిలో ఇంగ్లండ్ వాళ్లను ఎక్కువ భయపెట్టేది సెర్పులా లాక్రిమాన్స్. తడిచోట పుట్టి, లావుపాటి నాళాల్లాంటి పోగుల ద్వారా నీటినీ పోషకాలనూ మోసుకుంటూ, ఇటుక గోడలు దాటి పొడి చెక్కను కూడా పట్టగలదు. ఇళ్లలో తప్ప అడవిలో ఎక్కడా కనిపించదని ఐరోపా వాళ్లు చాలాకాలం అనుకున్నారు. దాని అడవి బంధువులు దొరికిన చోట్లలో మన హిమాలయాలు ఒకటి. హిమాచల్ ప్రదేశ్‌లోని నార్కండా వైపు దేవదారు, ఫర్ చెట్ల అడవుల్లో, చల్లగా తేమగా ఉండే కొండవాలుల్లో పడిపోయిన మాకుల మీద అది సహజంగా బతుకుతుంది. అంత పేరు మోసినదైనా, కిటికీ దగ్గర సాధారణంగా అది నేరస్థురాలు కాదు. కిటికీ మూలల్ని తినేది ఎక్కువగా తడి ఉన్నచోటే బతికే సాదా రకాలు, కోనియోఫోరా లాంటివి. నీరు ఆపితే వాటి పని అక్కడితో ఆగిపోతుంది. ఇంటికి 'రాట్' పట్టిందని సర్వే రిపోర్టులో చూసి బెంబేలెత్తినవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఈ తేడానే.

ఒకే ఇంట్లో, ఒకే వాన కింద ఒక చెక్క చీకి మరొకటి చీకకపోవడానికి ఇంకో కారణం చేవ. చెట్టు లావెక్కే కొద్దీ నడిమి భాగంలో నీరు మోసే పని ఆగిపోతుంది. కణాల మధ్య ఉన్న చిన్న కంతలు మూసుకుంటాయి, రెసిన్లు, శిలీంధ్రాలకు విషమైన పదార్థాలు అక్కడ చేరతాయి. స్కాట్స్ పైన్ చేవలో అలాంటిదే పినోసిల్విన్. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కలో ఈ విషపదార్థాలు దాదాపు ఉండవు, పైగా చక్కెరలుంటాయి. విక్టోరియా కాలం వడ్రంగి వాడిన పైన్ ఎక్కువగా బాల్టిక్ సముద్రపు రేవుల నుంచి వచ్చింది. ఉత్తరాన చలిలో నిదానంగా పెరిగిన ముదురు చెట్లు కాబట్టి వాటి వలయాలు దగ్గరదగ్గరగా, చేవ ఎక్కువగా ఉండేది. ఈనాటి ప్లాంటేషన్ చెట్లను త్వరగా పెంచి, చిన్నప్పుడే కొట్టేస్తారు. వలయాలు ఎడం, తెల్లచెక్క ఎక్కువ. చౌకరకం కొత్త చెక్క కిటికీ పదిహేనేళ్లకే చీకిపోతే, పక్కింటి పాతది నూటపాతికేళ్లు నిలవడంలో పెద్ద వింత ఏమీ లేదు.

చేవ విలువ తెలిశాక బ్రిటిష్ నౌకాదళం మనదేశం వైపు చూసింది. 1810లో నీటిలోకి దిగిన క్వీన్ షార్లెట్ అనే యుద్ధనౌక యుద్ధం చూడకముందే చీకిపోయి మళ్లీ కట్టాల్సి వచ్చింది. 1817లో బొంబాయి ఓడల కార్ఖానాలో వాడియా కుటుంబపు ఓడనిర్మాతలు మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ మాత్రం ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నీళ్ల మీద తేలుతోంది. టేకు చేవలో టెక్టోక్వినోన్ లాంటి పదార్థాలు, రబ్బరు లాంటి జిగట, నూనె ఉంటాయి. శిలీంధ్రాలకూ చెదపురుగులకూ అది మింగుడుపడదు. మన పాత పెంకుటిళ్ల ద్వారబంధాలకు వెనకటివాళ్లు టేకు కోసం అంత పట్టుబట్టింది ఊరికే కాదు. మన ఎండల్లో తడిసిన చెక్క మర్నాటికే ఆరిపోతుంది, ఇక్కడ అసలు శత్రువు చెద. ఇంగ్లండ్‌లో నవంబరులో తడిసిన చెక్క మార్చిదాకా ఆరదు.

మరి నీరు ఎక్కడి నుంచి వస్తుంది? చెక్కను అడ్డంగా కోసిన కొసను భూతద్దంతో చూస్తే స్ట్రాల కట్టను కోసినట్టు కనిపిస్తుంది. చెట్టు వేరు నుంచి కొమ్మకు నీరు మోసిన గొట్టాలే అవి. పక్కనుంచి తడిస్తే నీరు మెల్లగా ఇంకుతుంది, కొసనుంచి తడిస్తే వాటంతటవే పీల్చేసుకుంటాయి. కిటికీ చట్రంలో కొసలన్నీ మూల అతుకుల్లోనే ఉన్నాయి. అతుకు దగ్గర రెండు చెక్కలు రెండు దిక్కులకు ఉబ్బుతాయి, ముడుచుకుంటాయి. పైన వేసిన రంగు ఆ కదలికకు తట్టుకోలేక వెంట్రుకంత చీలుతుంది. కేశనాళికా బలంతో నీరు ఆ చీలికలోకి పాకడానికి అంత సందు చాలు. లోపలికి చేరిన నీరు బయటికి ఆవిరై పోవడానికి మాత్రం దళసరి ప్లాస్టిక్ రంగు పొర అడ్డుపడుతుంది. చీకింది దాచడానికి ఏటా పైపైన రంగు పూస్తూ పోతే కిటికీ ఇంకా త్వరగా చీకడానికి కారణం ఇదే.

గాజు అంచున పెట్టిన పుట్టీ ఎండి చిట్లితే అదొక దారి. గదిలో వంట ఆవిరి, ఊపిరి ఆవిరి చల్లటి గాజు మీద నీటిబొట్లై కింది అడ్డచెక్క మీదికి కారడం ఇంకో దారి. చలికాలం కిటికీలన్నీ బిగించుకుని అన్నం, పప్పు, సాంబారు వండుకునే మన ఇళ్లలో ఈ రెండో దారి ఏమంత చిన్నది కాదు. ఉదయాన్నే గుడ్డతో తుడిచి, వంటింట్లో ఫ్యాన్ వేసి, పై చట్రాన్ని రెండంగుళాలు దించి, కింది చట్రాన్ని కాస్త ఎత్తితే చాలావరకు సరిపోతుంది. వేడి ఆవిరి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందినుంచి వస్తుంది. ఈ కిటికీకి రెండు చట్రాలూ కదిలేలా చేసిన ఉపయోగం ఇదే, కానీ చాలా ఇళ్లలో పై చట్రం రంగుతో అతుక్కుపోయి ఉంటుంది.

అన్నిటికన్నా ఎవరూ పట్టించుకోనిది గడప అడుగున ఉన్న గాడి. గడపను సుమారు 9 డిగ్రీలు బయటికి వాలుగా చేస్తారు, వాన జారిపోవడానికి. అంచుకు చేరిన చుక్క కింద పడిపోతుందనుకుంటాం. పడదు. నీటికి చెక్కను పట్టుకునే గుణం ఉంది, అది అంచు తిరిగి గడప అడుగునే పాకుతూ గోడదాకా వెళ్తుంది. దాన్ని ఆపడానికే గడప అడుగున, ముందు అంచుకు కాస్త లోపల, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక గాడి చెక్కుతారు. పాకుతూ వచ్చిన చుక్క గాడి అంచు ఎక్కలేక అక్కడ వేలాడి, బరువెక్కి, నేలరాలుతుంది. కింద వంగి చూసేవాళ్లు తక్కువ కాబట్టి, రంగు వేసే ప్రతిసారీ ఆ గాడిలో కొంత రంగు చేరుతుంది. కొన్నేళ్లకు గాడి పూడిపోతుంది. గాడి పూడిన గడప వెనక ఇటుక తడుస్తుంది, ఇటుకను ఆనుకున్న పెట్టె అడుగు తడుస్తుంది. వేలు పెట్టి తడిమి, గాడి పూడిందని తెలిస్తే, ఓ పాత స్క్రూడ్రైవర్‌తో రంగు గీకేస్తే పోయే కష్టం ఇది.

బాగుచేయడం మొదలయ్యేది గుచ్చి చూడటంతో. సన్నటి దబ్బనం తీసుకుని కింది అడ్డచెక్కలో, గడపలో, నిలువుచెక్కల అడుగున అంగుళం అంగుళం ఎడంగా గుచ్చుకుంటూ పోవాలి. మంచి చెక్క మొనను ఒప్పుకోదు. చీకినచోట మొన జంకు లేకుండా దిగుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా మెత్తగా ఉందో సుద్దముక్కతో గీత గీస్తే జబ్బు హద్దు తెలుస్తుంది. చాలామంది ఆ గీత చూసి ఆశ్చర్యపోతారు, అనుకున్నదానికన్నా చిన్నదిగా ఉంటుంది కాబట్టి.

రంగు గీకే ముందు మాత్రం ఒక హెచ్చరిక. 1960లకు ముందు వేసిన రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. బ్రిటన్‌లో సీసపు రంగులు మామూలు జనానికి అమ్మడం ఆగింది 1992లో. పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ సీసం ధూళై గదంతా పరుచుకుంటుంది, పాకే పిల్లల చేతుల ద్వారా నోట్లోకి వెళ్తుంది. పిల్లల మెదడుకు సీసం చేసే చేటు మళ్లీ సరిదిద్దలేనిది. ముందు పరీక్ష కిట్‌తో చూసుకోవాలి. సీసం ఉంటే తడిపి గీకాలి, మాస్కు కట్టుకోవాలి, మంటతో కాల్చకూడదు, ఆ రోజుల్లో గర్భిణులూ పిల్లలూ ఆ గదిలో ఉండకూడదు. డబ్బు మిగులుతుందని ఈ ఒక్క విషయంలో తెగించవద్దు.

గీత దాటి రెండు మూడు అంగుళాలు మంచి చెక్కలోకి వెళ్లి కోయాలి, కంటికి కనిపించని పోగులు అక్కడిదాకా పాకి ఉంటాయి. ఆ కోత నిటారుగా కాకుండా ఏటవాలుగా ఉండాలి. ఏటవాలు కోతలో జిగురు పట్టే వైశాల్యం ఎక్కువ, వాలు బయటికి ఉంటే అతుకులో నీరు నిలవదు. అదే జాతి కలప, అదే దిక్కుకు నార ఉండేలా ముక్క చెక్కి, నీటికి ఊడని జిగురుతో అతికి, ఎండాక చిత్రిక పడితే అతుకు కనుక్కోవడానికి వెతకాల్సిందే. కింది అడ్డచెక్క మొత్తం పోతే మూలల చీలలు కొట్టి దాన్ని మాత్రం కొత్తది చేస్తారు. గడప పోతే ఓక్ గడప వేస్తారు. చీకిన చోటు నాణెమంత ఉంటే రెండు పాళ్లు కలిపే ఎపాక్సీతో నింపవచ్చు. ఎపాక్సీని నేను కాదనను, కానీ తడి చెక్క మీద దాన్ని నింపి మూసేయడం జబ్బును లోపలపెట్టి కుట్టేయడమే అవుతుంది. చెక్క ముందు పూర్తిగా ఆరాలి. అనుమానం ఉన్న మూలల్లో చిన్న కంత తొలిచి బోరాన్ కడ్డీలు పెడతారు. చెక్క పొడిగా ఉన్నంతకాలం అవి అలాగే ఉంటాయి. తడిస్తే కరిగి ఆ తడి వెంటే పాకి శిలీంధ్రాన్ని అడ్డుకుంటాయి.

గాజు బిగించే సంప్రదాయపు పుట్టీలో ఉండేవి రెండే: సుద్దపొడి, అవిసెగింజల నూనె. అవిసెనూనె నీటిరంగులా నీరు పోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడుతుంది, అందుకే పైపొర కట్టడానికే వారం రెండు వారాలు తీసుకుంటుంది. ఆ తర్వాతే రంగు వేయాలి, రంగు కూడా పుట్టీ దాటి గాజు మీదికి సన్నని గీతంత ఎక్కాలి. అప్పుడే ఆ సందు మూసుకుంటుంది. ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు అవిసెనూనె వేడి పుట్టిస్తుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి పారేయాలి.

చలి సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఒంటి గాజు కిటికీ జంట గాజు కిటికీ కన్నా ఎంతో ఎక్కువ వేడిని బయటికి పోనిస్తుంది. కానీ పాత కిటికీ దగ్గర కూర్చుంటే వణికించేది ముఖ్యంగా సందుల్లోంచి వచ్చే గాలి. 2009లో గ్లాస్గో కలెడోనియన్ విశ్వవిద్యాలయం వాళ్లు పాత కట్టడాలను కాపాడే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ కోసం ఒక పాత సాష్ కిటికీని ప్రయోగశాలలో పెట్టి కొలిచారు. సందులకు బ్రష్ పట్టీలు బిగించాక గాలి చొరబాటు 86 శాతం తగ్గింది. దళసరి కర్టెన్లు మూస్తే గాజు ద్వారా పోయే వేడి 41 శాతం తగ్గింది. చెక్క షట్టర్లు మూసినా, గదివైపు రెండో గాజు పలక అమర్చినా సగానికి పైగా తగ్గింది. పాత కిటికీకి లోపలివైపు ఇంకో గాజు పెట్టడం నాకు అన్నిటికన్నా తెలివైన పనిగా తోస్తుంది. చలి ఆగుతుంది, వీధి చప్పుడు తగ్గుతుంది, ఉన్నది చెడదు.

ప్లాస్టిక్ కిటికీలకు పని ఉండదన్న మాట పూర్తి నిజం కాదు. జంట గాజు అంచున ఉన్న సీలు కొన్నేళ్లకు, చాలాసార్లు ఇరవై ఏళ్లు అటూఇటూగా, వదులై మధ్యలోకి తేమ చేరి గాజు మసకబారుతుంది. గాజు మార్చవచ్చు. చట్రం విరిగితే మాత్రం వడ్రంగి కోసి అతికేది అందులో ఏదీ లేదు. ఇంగ్లండ్‌లో 1919కి ముందు కట్టిన ఇళ్లు మొత్తంలో అయిదో వంతు ఉంటాయి. వాటిలో ప్రభుత్వ రక్షణ జాబితాకెక్కిన భవనమైతే అనుమతి లేకుండా కిటికీ మార్చడం నేరం. సంరక్షణ ప్రాంతంలో ఉన్న వీధైతే కౌన్సిల్‌ను అడగకుండా ఏదీ ముట్టుకోకపోవడం మంచిది. ఈ సంగతి చాలామందికి కొత్త కిటికీలకు అడ్వాన్సు ఇచ్చాక తెలుస్తుంది.

మార్చక తప్పని కిటికీలు కూడా ఉంటాయి. పెట్టెలు వెనకనుంచి చీకి, చట్రాలు నాలుగు మూలలా మెత్తబడి, గీత గీస్తే మంచి చెక్కే మిగలనివి. అప్పుడు కూడా చెక్కతోనే, పాత కొలతలకే చేయించుకోవడం నయం. ఇందుకు ఈమధ్య ఎక్కువగా వాడుతున్నది అకోయా. త్వరగా పెరిగే రేడియేటా పైన్‌ను నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్‌లో ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో చర్య జరిపి చేస్తారు. చెక్కలో నీటి అణువులు అంటుకునే హైడ్రాక్సిల్ స్థానాలను ఎసిటైల్ గుంపులు ఆక్రమిస్తాయి. కణగోడల్లో నీటికి చోటు తగ్గిపోతుంది కాబట్టి చెక్క ఉబ్బడం, ముడుచుకోవడం బాగా తగ్గుతుంది, శిలీంధ్రానికి పట్టు దొరకదు. నేలకు తగలని వాడకానికి తయారీదారు 50 ఏళ్ల హామీ ఇస్తాడు.

కొత్త చట్రంలో సన్నరకం జంట గాజు పెట్టించుకునేవాళ్లు బరువు లెక్క మరచిపోకూడదు. గాజు ప్రతి మిల్లీమీటరు మందానికీ చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. మూడు మిల్లీమీటర్ల ఒంటి గాజు స్థానంలో నాలుగేసి మిల్లీమీటర్ల పలకలు రెండు వస్తే, చదరపు మీటరుకు ఏడున్నర కిలోలున్నది ఇరవై కిలోలవుతుంది. పాత ఇనుప దిమ్మలు దాన్ని మోయలేవు, వదిలిన చట్రం ధడాలున కిందికి దిగుతుంది. అంతకంటే పొడుగు దిమ్మలకు పెట్టెలో చోటు ఉండదు. అందుకే అలాంటప్పుడు దిమ్మలు సీసంతో పోయించుకుంటారు. సీసం సాంద్రత 11.3, పోత ఇనుముది సుమారు 7.2. అదే జాగాలో ఒకటిన్నర రెట్ల బరువు పడుతుంది. తాళ్లు కట్టే ముందు పని తెలిసిన వడ్రంగి చట్రాన్ని గాజు బిగించి, రంగు వేసి, ఆరాక తక్కెడ మీద పెట్టి తూచి, ఆ బరువును సగం చేసి, పై చట్రానికైతే కాస్త కలిపి, కింది చట్రానికైతే కాస్త తగ్గించి దిమ్మలు పోయిస్తాడు.